చుక్కలు వలసపోతాయి.. ఆకారం ఉంటుంది

ఈసారి పెత్రమాసకు మా ఊళ్లో ఉన్నాను. బాల్కొండ దగ్గర మా ఊరు. పొద్దుగూకగానే ఎంగిలిపూల బతుకమ్మలు గుడి ముందుకొచ్చాయి. తంగేడు, గునుగు, బంతి.. వాడంతా పూల వాసన. ఎనిమిదింటికి కరెంటు పోయింది. ఆడవాళ్లు ఆట ఆపలేదు. ఎవరో ఫోన్ టార్చి వేశారు, పాట అట్లాగే సాగింది. నేను, మా అన్న కొడుకు డాబా ఎక్కాం.

వాడు ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. మా అన్న మస్కట్‌లో ఉంటాడు. అప్పటిదాకా వీడియో కాల్‌లో వాళ్ల నాయనకు బతుకమ్మ ఆట చూపిస్తున్నాడు. కరెంటు పోయాక అటువైపు చీకటి తప్ప ఏం కనపడలేదు. "మళ్లా చేస్తలే బిడ్డా" అని ఆయన పెట్టేశాడు. వీడు ఫోన్ జేబులో పెట్టుకుని కాసేపు మాట్లాడలేదు. తర్వాత తలెత్తి చూశాడు.

"కాకా, గా మబ్బు కదుల్తలేదేంది?"

నడినెత్తి నుంచి నైరుతి దిక్కుకు, మా పసుపు చేన్ల మీదుగా, సన్నని తెల్లటి చార. అమావాస్య, పైగా కరెంటు లేదు. ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదు.

"మబ్బు కాదురా. పాలపుంత. మనం ఉండే గెలాక్సీ."

వాడు వెంటనే ఫోన్ తీసి వెతికాడు. సుడి తిరిగిన బొమ్మ ఒకటి వచ్చింది. నడుమ మెరిసే ముద్ద, దాని నుంచి బయటికి వంకర తిరిగిన చేతులు. "గిది ఫొటోనా?" అన్నాడు. కాదు. ఇంట్లో కూర్చుని ఇంటి ముందు భాగాన్ని ఫొటో తీయలేం కదా. మనం పాలపుంత లోపలే ఉన్నాం. లోపలి నుంచి కొలిచిన కొలతలను బట్టి గీసిన బొమ్మ అది.

వాడు బొమ్మను పెద్దది చేసి చూస్తూ అడిగాడు: "చుక్కలన్నీ తిరుగుతున్నయంటున్నవ్. లోపలియి జల్ది తిరుగుతయ్, బయటియి లేటుగ తిరుగుతయ్. మరి గీ చేతులు దారం ఉండ లెక్క చుట్టుకపోవాలె గదా? ఇంక ఎట్ల ఉన్నయ్?"

నిజం చెప్తున్నా, ఒక్క క్షణం నాకు మాట రాలేదు. ఇరవయ్యో శతాబ్దంలో మహామహులను దశాబ్దాల పాటు నిద్రపోనివ్వని ప్రశ్న ఇదే. ఈ వారం దీని సంగతే మాట్లాడుకుందాం.

చుట్టుకుపోవాల్సిన చేతులు

ముందు లెక్క చూద్దాం. మన సూర్యుడు పాలపుంత నడిమధ్య నుంచి సుమారు 26,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాడు. సెకనుకు 220 నుంచి 240 కిలోమీటర్ల వేగంతో ఒక చుట్టు తిరగడానికి దాదాపు 23 కోట్ల ఏళ్లు పడుతుంది. సూర్యుడి వయసు సుమారు 460 కోట్ల ఏళ్లు. అంటే పుట్టినప్పటి నుంచి తిరిగింది 20 చుట్లే.

సూర్యుడికి సగం దూరంలో ఉన్న నక్షత్రం కూడా ఇంచుమించు అదే వేగంతో పోతుంది. గెలాక్సీల్లో ఇదొక విచిత్రం. కేంద్రానికి దగ్గరైనా దూరమైనా వేగం పెద్దగా మారదు. 1970ల్లో వేరా రూబిన్ చాలా గెలాక్సీలను కొలిచి ఈ సంగతిని గట్టిగా నిలబెట్టింది. వేగం ఒకటే, దారి మాత్రం సగం. కాబట్టి లోపలి నక్షత్రం సూర్యుడు ఒక చుట్టు తిరిగేలోపు రెండు చుట్లు తిరిగేస్తుంది.

చేయి అనేది ఒకే నక్షత్రాల వరుస అయితే, సూర్యుడి ప్రతి చుట్టుకూ అది ఒక మెలిక ఎక్కువ తిరగాలి. 20 చుట్లకు 20 మెలికలు. అప్పుడు చేతులు మిగలవు, ఆకాశంలో పల్చటి బెల్లం జిలేబీ మిగులుతుంది. కానీ టెలిస్కోపుల్లో కనిపించే సర్పిల గెలాక్సీల్లో చేతులు విప్పారినట్టే ఉంటాయి.

మా వాడు పట్టుకున్నది సరిగ్గా ఈ చిక్కుముడినే.

చెరుకు ట్రాక్టర్ వెనకాల

జవాబు మొదటి సగం మా జిల్లా రోడ్ల మీదే దొరుకుతుంది. బోధన్‌లో 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజులు మా తరానికి గుర్తున్నాయి. 2015 డిసెంబర్‌లో అది మూతపడింది. అంతకుముందు సీజన్ వచ్చిందంటే బోధన్ రోడ్డు మీద చెరుకు లోడు ట్రాక్టర్లే. రెండు వైపులా వేలాడే గడలతో ఒక ట్రాక్టర్ మెల్లగా పోతుంటే, దాని వెనక బస్సు, జీపు, నాలుగు బైకులు గుంపుగా ఉండేవి.

ఆ గుంపును పైనుంచి డ్రోన్‌తో తీశారనుకోండి. గంట పాటు రోడ్డు మీద ఒక గుంపు నెమ్మదిగా కదులుతూ కనిపిస్తుంది. కానీ గంట క్రితం అందులో ఉన్న బస్సు ఎప్పుడో దాటేసి నిజామాబాద్ చేరింది. ఇప్పుడున్నది వేరే బస్సు. బండ్లు మారాయి, గుంపు మాత్రం ఉంది. గుంపు వేగం వేరు, బండి వేగం వేరు.

గెలాక్సీ చేయి కూడా ఇట్లాంటి గుంపే. నక్షత్రాలు వెనక నుంచి వచ్చి, అందులో దూరి, కొంచెం ఆలస్యంగా ముందు నుంచి బయటపడతాయి. దీన్ని 'సాంద్రతా తరంగం' అంటారు. స్వీడన్ ఖగోళవేత్త బెర్టిల్ లిండ్‌బ్లాడ్ ఈ దారిలో దశాబ్దాలు ఆలోచించాడు. 1964లో అమెరికాలో సి.సి. లిన్, ఫ్రాంక్ షు దీన్ని గణితంలో పెట్టి చూపించారు.

ట్రాక్టర్ పోలిక ఒక్కచోట తప్పుతుంది. గెలాక్సీలో ట్రాక్టర్ లేదు. అక్కడ గుంపే ట్రాక్టర్. ఒకచోట నక్షత్రాలు, వాయువు కాస్త ఎక్కువ చేరితే అక్కడ ఆకర్షణ పెరుగుతుంది. ఆ ఆకర్షణ వచ్చిపోయే వాటిని కొంచెం ఆపుతుంది, దాంతో గుంపు నిలబడుతుంది. రోడ్డు పక్కన నలుగురు నిలబడి చూస్తుంటే, ఏమైందోనని అయిదోవాడూ ఆగుతాడు చూడండి, అట్లా.

మరి చేతులు అంతగా ఎందుకు మెరుస్తాయి? వాయు మేఘాలు ఆ గుంపులోకి వచ్చినప్పుడు నలిగి, కుదించుకుపోయి కొత్త నక్షత్రాలు పుడతాయి. వాటిలో బాగా బరువైనవి నీలంగా, వేల సూర్యుళ్ల వెలుగుతో మండుతాయి. కానీ వాటి ఆయుష్షు చిన్నది, కొన్ని పదుల లక్షల ఏళ్లే. పుట్టిన చేయి దాటకముందే అయిపోతాయి. అందుకే వెలుగంతా చేతుల్లోనే కనిపిస్తుంది. సూర్యుడి లాంటి సాదా నక్షత్రాలు మాత్రం ఎన్నో చేతులు దాటుకుంటూ పోతూనే ఉంటాయి.

బతుకమ్మ ఆటలో ఉన్న ఫిజిక్స్

ఇంతవరకు మా వాడికి బాగానే ఎక్కింది. "మరి గా గుంపు ఎంత దూరం ఉంటది? నడుమ నుంచి చివరిదాకనా?" అన్నాడు. ఇక్కడే అసలు కథ. దాని పేరు అనునాదం.

డాబా మీది నుంచి కిందికి చూపించాను. బతుకమ్మ ఆడేవాళ్లను గమనించండి. ఊరికే గుండ్రంగా నడిచిపోరు. ఒక అడుగు వేసి లోపలికి వంగుతారు, చప్పట్లు కొడతారు, మళ్లీ వెనక్కి వస్తారు. అంటే రెండు కదలికలు ఒకేసారి. చుట్టూ తిరగడం ఒకటి, లోపలికీ బయటికీ ఊగడం ఒకటి.

నక్షత్రం కూడా అచ్చం ఇట్లాగే పోతుంది. దాని దారి పక్కా గుండ్రం కాదు. కేంద్రం చుట్టూ తిరుగుతూనే కొంచెం లోపలికి, కొంచెం బయటికి ఊగుతుంటుంది. వేగం అన్ని దూరాల్లో ఒకటే ఉన్న గెలాక్సీలో ఒక చుట్టుకు సుమారు 1.41 ఊపులు వస్తాయి. రెండుకు వర్గమూలం అన్నమాట. మన సూర్యుడికి ఇది దాదాపు 1.3.

ఇప్పుడు ఉయ్యాల గుర్తు తెచ్చుకోండి. ఉయ్యాల వెనక్కి వచ్చి మళ్లీ ముందుకు పోబోయే క్షణంలో చిన్నగా తోస్తే చాలు. ప్రతిసారీ అదే క్షణంలో తోస్తుంటే పది తోపులకు పిల్లకాయ చెట్టు కొమ్మను తాకుతాడు. అడ్డదిడ్డంగా తోస్తే ఉయ్యాల ఆగిపోతుంది. బలం కాదు, సమయం ముఖ్యం. తోపు వరుస, ఊపు వరుస కలిస్తే అది అనునాదం. బతుకమ్మ పాటల్లో చరణం చివర వచ్చే మాట కూడా ఉయ్యాలే కదా!

గెలాక్సీలో ఉయ్యాల ఏది? నక్షత్రం ఊపు. తోసేది ఎవరు? దాటుకుంటూ పోయే చేయి. నక్షత్రం చేతిని దాటిన ప్రతిసారీ దాని ఆకర్షణ చిన్నగా లాగుతుంది. మామూలుగా ఒక లాగుడు ఊపును పెంచితే ఇంకోటి తగ్గిస్తుంది, లెక్క సరిపోతుంది. కానీ ఒకానొక దూరంలో ఉన్న నక్షత్రాలకు ప్రతి లాగుడూ ఊపులో అదే దశలో పడుతుంది. అక్కడ సీన్ మారిపోతుంది.

కాలిక్యులేటర్ తీయండి

నమ్మకం కుదరకపోతే మీరే లెక్క వేసుకోండి. మేం డాబా మీద ఫోన్‌లోనే వేశాం.

రెండు చేతులున్న ఒక ఊహా గెలాక్సీ తీసుకుందాం. చేతుల ఆకారం మొత్తం ఒక గట్టి చక్రంలా ఒకే లయలో తిరుగుతుంది. కేంద్రం నుంచి 25,000 కాంతి సంవత్సరాల దూరంలో నక్షత్రాలు సరిగ్గా చేతుల లయలోనే తిరుగుతున్నాయి అనుకుందాం. దీన్ని సహభ్రమణ వలయం అంటారు. దానికి లోపలున్న నక్షత్రాలు చేతులను దాటేస్తాయి. బయటున్న నక్షత్రాలను చేతులే దాటేస్తాయి.

ఇప్పుడు 7,300 కాంతి సంవత్సరాల దగ్గరికి రండి. అక్కడి నక్షత్రం, చేతులు ఒక చుట్టు తిరిగేలోపు 3.41 చుట్లు తిరుగుతుంది. అంటే చేతుల కంటే 2.41 చుట్లు ఎక్కువ. చేతులు రెండు కాబట్టి 4.83 సార్లు చేతిని దాటింది. అదే సమయంలో ఎన్నిసార్లు ఊగింది? 3.41 ఇంటూ 1.414. చూడండి, 4.83!

దాటిన ప్రతిసారీ ఒక ఊపు. ప్రతి తోపూ సరైన క్షణంలోనే. ఇదే లోపలి లిండ్‌బ్లాడ్ అనునాదం.

బయట 42,700 కాంతి సంవత్సరాల దగ్గర కూడా ఇట్లాంటి చోటే ఇంకోటి ఉంది. అక్కడి నక్షత్రం, చేతులు ఒక చుట్టు తిరిగేలోపు 0.586 చుట్టే తిరుగుతుంది. చేతులు దాన్ని 0.83 సార్లు దాటతాయి. దాని ఊపులు కూడా 0.83. ఇది బయటి లిండ్‌బ్లాడ్ అనునాదం.

మా వాడి ప్రశ్నకు జవాబు ఈ రెండు అంకెల మధ్యే ఉంది. ఈ రకం తరంగం బతకగలిగేది ఈ రెండు వలయాల నడుమే. లోపలి వలయం దగ్గరికి రాగానే అక్కడి నక్షత్రాలు దాని శక్తిని తాగేస్తాయి. వాటి ఊపు పెరుగుతుంది, తరంగం చచ్చిపోతుంది. చెరువు అల గట్టును తాకి సద్దుమణిగినట్టు. బయటి వలయం రెండో గట్టు. చేతులు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో చెప్పేది ఈ గట్లే.

వాయువు సంగతి ఇంకో రకం. సహభ్రమణ వలయానికి లోపలున్న వాయువును చేతులు మెల్లగా లోపలికి తోస్తాయి, బయటున్నదాన్ని బయటికి నెడతాయి. అట్లా పోయిన వాయువు అనునాద వలయాల దగ్గర చేరి, అక్కడ కొత్త నక్షత్రాలు పుట్టి, కొన్ని గెలాక్సీల్లో కంకణంలా మెరిసే ఉంగరాలు కనిపిస్తాయి.

"గిదంతా లెక్కలేనా, ఎవరన్న కండ్లతోని చూసిండ్రా?" అన్నాడు వాడు. చూశారు. గెలాక్సీలో కాదు, శని గ్రహం దగ్గర. శని వలయాల నడుమ ఉన్న కాసిని ఖాళీ లోపలి అంచు దగ్గర రేణువులు రెండు చుట్లు తిరిగేలోపు మిమాస్ అనే చందమామ ఒక చుట్టు తిరుగుతుంది. అదీ అనునాదమే. 1978లో పీటర్ గోల్డ్‌రైక్, స్కాట్ ట్రెమైన్ గెలాక్సీల లెక్కనే శని వలయాలకు పెట్టారు. 1980, 81లో వోయేజర్ నౌకలు అటు వెళ్లి చూస్తే, వలయాల్లో సన్నటి సుడి అలలు నిజంగానే ఉన్నాయి.

మన హైదరాబాద్ నుంచి ఒక లెక్క

ఇదంతా స్వీడన్, అమెరికా సంగతే అనుకోకండి. బేగంపేటలో నిజామియా అబ్జర్వేటరీ ఉండేది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ సొంత ఖర్చుతో మొదలుపెట్టాడు, ఆయన పోయాక 1908లో నిజాం సర్కారు తీసుకుంది, 1919లో ఉస్మానియా యూనివర్సిటీకి వచ్చింది. ప్రపంచ దేశాలు పంచుకుని గీసిన ఆకాశ పటంలో హైదరాబాద్‌కూ ఒక భాగం వచ్చింది. తర్వాత ఇబ్రహీంపట్నం వైపు జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టారు. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచి చూశారు.

ఆ ఉస్మానియాలోనే సాలె మహమ్మద్ అల్లాదిన్ అనే ప్రొఫెసర్ ఉండేవారు. షికాగోలో పరిశోధన చేసి వచ్చినవారు. రెండు గెలాక్సీలు ఒకదాని పక్క నుంచి ఇంకోటి దూసుకుపోతే ఏమవుతుంది? నక్షత్రాల మధ్య దూరాలు ఎక్కువ కాబట్టి అవి ఒకదానికొకటి తాకవు. అయితే ఏం జరగనట్టేనా? కాదు. దాటేటప్పటి ఆకర్షణ నక్షత్రాల కదలికల్లోకి శక్తిని దింపుతుంది. ఎంత శక్తి అనేదే ఆయన లెక్క. 1965లో ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌లో ఆ పేపర్ వచ్చింది. అప్పటికి కంప్యూటర్లో గెలాక్సీలను ఢీకొట్టించి చూసే రోజులు ఇంకా సరిగా మొదలే కాలేదు. ఏడేళ్ల తర్వాత, 1972లో టూమ్రే సోదరులు కంప్యూటర్ లెక్కలతో గెలాక్సీల తోకలు, వంతెనలు ఎట్లా పుడతాయో చూపించారు.

దీనికీ చేతులకూ సంబంధం ఉంది. పక్క నుంచి పోయే గెలాక్సీ, నక్షత్రాలు తిరిగే దిక్కులోనే పోతే దాని లాగుడు ఎక్కువసేపు వాటితో జతగా నడుస్తుంది. అప్పుడు దెబ్బ గట్టిగా తగులుతుంది, పెద్ద చేతులు లేస్తాయి. ఎదురు దిక్కులో పోతే అంత ప్రభావం ఉండదు. ఇక్కడ కూడా సమయం కలవడమే అసలు విషయం.

ఒక మాట దాచకుండా చెప్పాలి. చేతుల కథ ఇంకా ముగియలేదు. కొన్ని గెలాక్సీల్లో చేతులు చాలాకాలం నిలిచే తరంగాలని, ఇంకొన్నింటిలో పుట్టి, చెదిరి, మళ్లీ పుట్టేవని ఇప్పటికీ వాదన నడుస్తోంది. రెండింటిలోనూ అనునాదం పాత్ర ఉంది. అది మాత్రం ఎవరూ కాదనరు.

సూర్యుడు కూడా వలసొచ్చినవాడే

చివరిగా ఆ నడిమి వలయం, సహభ్రమణం సంగతి మిగిలింది. అక్కడ నక్షత్రం, చేయి ఒకే లయలో పోతాయి. కాబట్టి లాగుడు ఆగి ఆగి రాదు, చాలాకాలం ఒకే వైపు ఉంటుంది. ముందుకు లాగితే నక్షత్రం మెల్లగా పెద్ద కక్ష్యలోకి జరిగిపోతుంది. వెనక్కి లాగితే చిన్న కక్ష్యలోకి వస్తుంది. విశేషం ఏంటంటే, ఇంత దూరం జరిగినా దాని నడక చెడదు. కొత్త చోట కూడా దాదాపు గుండ్రంగానే, ఎప్పటి నుంచో అక్కడే ఉన్నట్టు తిరుగుతుంది. 2002లో సెల్‌వుడ్, బిన్నీ అనే ఇద్దరు ఈ సంగతిని లెక్కగట్టి చూపించారు.

మన సూర్యుడి మీద కూడా ఇదే అనుమానం. పక్కనున్న తన ఈడు నక్షత్రాలతో పోలిస్తే సూర్యుడిలో ఇనుము లాంటి మూలకాలు కొంచెం ఎక్కువ. అంత ఎక్కువ ఉండేది కేంద్రానికి దగ్గర పుట్టినవాటిలో. అందుకే సూర్యుడు ఇప్పుడున్న చోటు కంటే లోపలే ఎక్కడో పుట్టి, తర్వాత ఇక్కడికి జరిగి ఉంటాడని చాలామంది ఖగోళవేత్తల అంచనా.

పాలపుంత నడుమ నక్షత్రాలతో కూడిన ఒక పొడవాటి కడ్డీ కూడా తిరుగుతోంది. దాని అనునాదం మన దాకా వస్తుంది. సూర్యుడి పరిసరాల్లో 'హెర్క్యులెస్ ప్రవాహం' అనే నక్షత్రాల గుంపు ఉంది. మిగతావాటి కంటే కొంచెం నెమ్మదిగా తిరుగుతూ, బయటి వైపు జరుగుతూ ఉంటుంది. కడ్డీ అనునాదమే వాటిని అట్లా నడిపిస్తోందని ఎక్కువమంది మాట. అయితే అది ఏ అనునాదం, కడ్డీ ఎంత వేగంగా తిరుగుతోంది అనే దగ్గర ఇంకా పేచీ ఉంది. 2018 ఏప్రిల్‌లో గయా ఉపగ్రహం దాదాపు 170 కోట్ల నక్షత్రాల వివరాలు విడుదల చేసినప్పటి నుంచి ఆ పేచీ ఇంకా రసవత్తరంగా మారింది.

ఇదంతా చెప్తుంటే మా వాడు చాలాసేపు ఊకొట్టలేదు. నిద్రపోయాడేమో అనుకున్నా.

"అంటే కాకా.. సూర్యుడు గూడ మా నాయన లెక్కనేనా?"

ఏం చెప్పాలి? మా ఊళ్లో ఏ ఇంటి తలుపు తట్టినా దుబాయో, మస్కటో, సౌదీయో పోయినవాళ్లుంటారు. ఒకరు వస్తారు, ఇంకొకరు పోతారు. ఈ ఏడు బతుకమ్మ ఆడినవాళ్లలో పెళ్లై కొత్తగా వచ్చినవాళ్లు ఉన్నారు, పోయినేడు ఆడి ఈ ఏడు రానివాళ్లు ఉన్నారు. అయినా గుడి ముందు ఆ గుండ్రం అట్లాగే ఉంది. మా అమ్మ చిన్నప్పుడు ఉన్నట్టే.

"అవునురా" అన్నా. "కానీ చుక్కలకు ఫోన్ ఉండదు. మీ నాయనకు ఉంది. కరెంటు వచ్చినట్టుంది, చెయ్యి."

వీధిలైట్లు వెలిగాయి. పాలపుంత ఒక్కసారిగా మాయమైంది. అది ఎటూ పోలేదు, మన కళ్లకే కనపడటం మానేసింది. వాడు కిందికి దిగి, ఫోన్ పైకెత్తి పట్టుకుని, ఆడేవాళ్ల చుట్టూ తానూ ఒక రౌండ్ తిరుగుతూ వాళ్ల నాయనకు చూపించాడు.

వచ్చే అమావాస్యకు మీరూ ఒకసారి లైట్లకు దూరంగా డాబా ఎక్కండి. దసరా రోజుల్లో అయితే రాత్రి ఎనిమిదింటికి నైరుతి దిక్కున, కొంచెం కిందుగా ధనుస్సు రాశి ఉంటుంది. అటువైపే మన గెలాక్సీ కేంద్రం. నడినెత్తి దగ్గర శ్రవణం నక్షత్రం మెరుస్తుంటుంది, అక్కడిదాకా ఆ తెల్లచారను వెతకండి. ఫోన్ వెలుతురు ఆపి పావుగంట ఓపిక పట్టండి, కళ్లు చీకటికి అలవాటు పడాలి. తర్వాత వచ్చే వారం మళ్లీ కలుద్దాం.